వెదురు అడ్డంగా చీలదు

హచ్చొళ్ళిలో మా పాత మట్టిమిద్దెను పడగొట్టించిన వారానికి మా తమ్ముడు రాముడు బళ్ళారిలో మా ఇంటికొచ్చి, ఒక సిమెంటు సంచిని నట్టింట్లో బోర్లించాడు. దుమ్ము లేచి నా ముక్కులోకీ, అప్పుడే దించిన కాఫీలోకీ పోయింది. నా నోరు మంచిది కాదని మా వంశంలో పేరు. ఆ పేరు నిలబెట్టుకుంటూ, "ఏందప్పా ఇది, దిబ్బలో పోసేది తెచ్చి నా ఇంట్లో పోసినావు? నిన్ననే కదా నేల తుడిపిచ్చింది!" అన్నాను. వాడు నవ్వాడు. ఇంత వయసొచ్చినా వాడు నా తిట్లకు చిన్నప్పటిలాగే పళ్ళు కనపడేలా నవ్వుతాడు. "అటక మీద, దూలం సందులో దొరికినవి యక్కా. నీకు చూపియ్యకుండా పారేస్తే మల్ల నన్ను బతకనిస్తావా?" అన్నాడు. అదీ నిజమే.

సంచిలో మా జేజి వక్కలు కత్తిరించుకునే అడకత్తెర ఉంది. జేజి అంటే మా నాయన తల్లి. మూత పోయిన కుంకుమ బరిణె ఉంది, బండి చక్రానికి కొట్టే సీల ఉంది. అన్నిటికన్నా అడుగున పాత పంచె గుడ్డలో చుట్టిన మూరెడు కట్టె ఉంది. గుడ్డ విప్పకముందే అదేమిటో నా చేతికి తెలిసిపోయింది. అది నా మొదటి పిల్లనగ్రోవి. చివరిదీ అదే. దానికి ఒకప్పుడు ఎర్రదారం, పచ్చదారం పెనవేసి చుట్టి ఉండేవి. ఇప్పుడు రెండూ ఒకే రంగయిపోయాయి. నేను ఇలా పట్టుకున్నానో లేదో, దారం పొడిపొడిగా రాలి నా ఒళ్ళో పడింది. ఊదే బెజ్జానికి కొంచెం అవతల, దారం ఉన్నచోట, ఒక సన్నని గీత కనిపించింది. గోరు పెట్టి చూశాను. గోరు లోపలికి దిగింది.

వెదురు సంగతి మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. గంపలు, తట్టలు, గాదెలు, పశువులను అదిలించే కట్టె, అన్నీ వెదురువే కదా మా ఇళ్ళలో. ఎండకు వెదురు నిలువునా చీలుతుంది. పురుగు పడితే ఆవగింజంత బెజ్జాలు పడి కింద పిండి రాలుతుంది. అడ్డంగా చీలిన వెదురును నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. రాముడు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది చీలింది కాదు యక్కా. కత్తితో కోసిండేది. కావాలనే కోసినారు" అన్నాడు. నేను గోడకానుకుని కూర్చున్నాను. దారం చుట్టిన తర్వాతే కదా ఆ పిల్లనగ్రోవి నా చేతికొచ్చింది. కోత దారం కింద ఉంది. అది పలకకపోతే, నా ఊపిరిలోనే ఏదో లోపం ఉందనుకుని నేను ఇన్నేళ్ళు బతికాను.

చివరికి మా ఇంట్లో మిగిలింది నలుగురం. జేజి, నాయన, నేను, రాముడు. రాముణ్ణి కని మా అమ్మ పోయింది. నాయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. తెల్లవారకముందే జేజి లేచి కళ్ళాపి చల్లి, జొన్నపిండి వేడినీళ్ళతో పిసికి, రొట్టెలు తట్టడం మొదలుపెట్టేది. ఆ చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. పెనం మీద రొట్టె కాలే వాసన, దాని వెనకే గుర్రెళ్ళు, అంటే వెర్రినువ్వులు, వేయించి దంచే వాసన. ఇప్పటికీ ఎక్కడైనా గుర్రెళ్ళు వేగితే నాకు ముందు ఆకలి కాదు, జేజి కేక గుర్తొస్తుంది: "లెయ్యే, పొద్దు నెత్తికెక్కింది!" అప్పటికి సూర్యుడు పుట్టి ఉండడు. నాయన బావి దగ్గర నీళ్ళు పోసుకుని వచ్చి నన్ను గడప మీద కూర్చోబెట్టుకుని తల దువ్వేవాడు. ఊళ్ళో ఏ మగవాడూ కూతురికి జడ వేసింది నేను చూడలేదు. మడక పట్టి దున్నిన చేతులు కదా, జడ వంకరగానే వచ్చేది. బళ్ళో పిల్లలు నవ్వితే, "మా నాయన ఏసినాడు, మీ నాయనకు చేతనైతే ఏయించుకోపోండి" అని పోట్లాడేదాన్ని. మా ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసి, మా బడి అప్పుడే తెలుగు నుంచి కన్నడానికి మారింది. పోట్లాటలు మాత్రం తెలుగులోనే సాగేవి.

నాయనకు ఊళ్ళో ఒక పేరుంది. ఇచ్చిన మాట తప్పడని. ఒకసారి ఎవరింట్లోనో పెళ్ళికి బండి ఇస్తానన్నాడు. ఆ ఉదయానికి మా కళ్ళంలో వడ్లు సిద్ధంగా ఉన్నాయి, పైన మబ్బు కమ్ముకొచ్చింది. తుంగభద్ర కాలువ మా పొలాలకు వచ్చిన కొత్త, మేం వరి పండించడం కూడా కొత్తే. కాలువ వెంబడి కోస్తా నుంచి వచ్చి క్యాంపుల్లో దిగినవాళ్ళను చూసి నేర్చుకున్న సేద్యం అది. జేజి నెత్తీ నోరూ కొట్టుకుంది. "అన్నానమ్మా, ఇంక అయిపోయింది" అని బండి కట్టి పంపించాడు. వడ్లు తడిసి మొలకెత్తాయి. అయినా ఆయన మొహంలో ఏ బాధా లేదు. అలాంటి నాయన కూతుర్ని అని నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

నాకొక చిన్నాయన ఉండేవాడు. నాయనకు తమ్ముడు. సాయంత్రం కాలువ గట్టు మీద ఎద్దులను తోలుకొస్తూ పిల్లనగ్రోవి ఊదేవాడు. ముందు ఆ పాట వచ్చేది, తర్వాత ఎద్దుల గంటలు, ఆ తర్వాత మనిషి. ఒకసారి సిరుగుప్పలో నాటకం కంపెనీ వాళ్ళు డేరా వేశారు. ఆట చూడటానికని పోయిన చిన్నాయన కంపెనీతోనే వెళ్ళిపోయాడు. హుబ్బళ్ళి వైపు చూశామన్నారు కొందరు, ఇంకా పైకి పోయాడన్నారు ఇంకొందరు. మళ్ళీ రాలేదు. ఇంట్లో మిగిలిన ఆయన పిల్లనగ్రోవిని జేజి నీళ్ళపొయ్యిలో పెట్టి కాల్చింది. ఆ పొద్దు ఆ నీళ్ళతోనే మాకు తలంట్లు పోసింది. అప్పటినుంచి ఇంట్లో ఎవరైనా ఈల వేసినా, "పాములొస్తాయి, మూసుకోండి నోరు" అని కసిరేది. పాముల భయం కాదని నాకు అప్పుడే తెలుసు. కానీ నా చెవిలో ఆ కాలువ గట్టు పాట ఉండిపోయింది, దాన్ని నేనేం చేసేది?

నాకు విషజ్వరం వచ్చింది. ఆ రోజుల్లో విషజ్వరం అంటే బతికితే బతికినట్టు. సిరుగుప్ప నుంచి డాక్టరు వచ్చి పెదవి విరిచి పోయాడు. జేజి నా నోట్లో గంజి పోస్తూ ఏడ్చేది. ఒక సాయంత్రం నాయన పళ్ళెంలో కర్పూరం వెలిగించుకుని, గూట్లో ఉన్న ఆంజనేయస్వామి పటం ముందర నిలబడ్డాడు. నాకు కళ్ళు సగమే తెరుచుకునేవి. మాట మాత్రం స్పష్టంగా వినబడింది. "సామీ, నా బిడ్డ లేసి కూచుంటే సాలు. అది ఏమడిగినా తెచ్చిస్తా. నీ ముందర చెప్తాండా." నా వైపు తిరిగి మళ్ళీ చెప్పాడు: "ఇన్నావా పాపా? ఏమడిగినా." నేను లేచి కూర్చున్నాను. పథ్యం తిన్న రోజు నాయన అడిగాడు, ఏం కావాలి పాపా అని. నేను ఒక్క క్షణం ఆలోచించలేదు. "పిల్లంగోవి" అన్నాను.

నాయన జేజి ఉన్న వంటింటి వైపు చూశాడు. అక్కడ చేట చప్పుడు ఆగిపోయింది. "ఇంకేమైనా అడుగు పాపా. పట్టు పావడ? కాళ్ళకు గజ్జెలు?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన మరొక్కసారి వంటింటి వైపు చూసి, "ఆయ్తు" అన్నాడు. సరే అనడానికి మా వైపు తెలుగువాళ్ళం కూడా ఆ కన్నడ మాటే అంటాం. జేజి వచ్చి ఇల్లెగరగొడుతుందని కాచుకుని ఉన్నాను. ఆమె బయటికే రాలేదు. కాసేపటికి చేట మళ్ళీ చప్పుడు చేసింది. నా జబ్బు చూసి జేజి మనసు మెత్తబడిందనుకుని లోపల్లోపల ఎగిరి గంతేశాను.

ఒళ్ళు కుదుటపడ్డాక నాయన నన్ను బళ్ళారికి తీసుకుపోయాడు. సిరుగుప్ప దాకా మా బండి, అక్కడి నుంచి బస్సు. బళ్ళారిలో కోట కింద మా లచ్చుమత్త ఇల్లు. నాయనకు ఒక్కతే చెల్లెలు ఆమె, అప్పుడే కొత్తగా కాపురానికి వచ్చింది. పొద్దున హోటల్లో నాయన నాకు వగ్గాణి, మిరపకాయ బజ్జి తినిపించాడు. వగ్గాణి అంటే నీళ్ళలో తడిపి పిండి, నూనెలో తిరగమోత వేసిన బొరుగులు. ఇప్పుడూ బళ్ళారి అంతా దొరుకుతాయి, ఆ రుచి మాత్రం మళ్ళీ ఎక్కడా దొరకలేదు. తర్వాత తేరు వీధిలో ఒక సాయిబు అంగడికి పోయాం. దువ్వెనలు, గాలిపటాలు, బొంగరాలు, ఒక మూల మట్టికుండలో నిలబెట్టిన పిల్లనగ్రోవులు. తెల్లగడ్డం సాయిబు నన్ను చూసి, "అరె, బేటీకా? మగపిల్లోనికి కాదా?" అని నాయనను అడిగాడు. "పాపకే" అన్నాడు నాయన. ఆ ఒక్క మాటకు నేనాయనకు జన్మంతా ఊడిగం చేసేదాన్ని.

సాయిబు ఒక్కొక్కటీ తీసి ఊది చూపించాడు. నాకు ఒకటి నచ్చింది. దానికి చివర, కాల్చినప్పుడు పడ్డ నల్లమచ్చ ఉంది, చింతగింజంత. "ఊదు బేటీ" అన్నాడు. ఊదాను. ఉస్సుమంది. "ఊహూ, గాలి లోపలికి కాదు. బెజ్జం అంచుకి తగలాల. పెదవి ఇట్ల, నవ్వబోయి ఆపుకునే మాదిరి" అని తన పెదవితో చూపించాడు. నేను నవ్వబోయి ఆపుకున్నాను. పలికింది! ఒక్క స్వరమే, వణుకుతూ, కానీ పలికింది. ఎదురు అంగట్లో పూలమ్మే ఆమె కూడా తలెత్తి చూసింది. "వా రే వా! ఊపిరి ఉండాది బేటీకి" అన్నాడు సాయిబు. నేను నాయన మొహంలోకి చూశాను. ఆయన కళ్ళు నిండి ఉన్నాయి. సంతోషంతో అనుకున్నాను. పిచ్చిదాన్ని.

సాయిబు దానికి నూనె పట్టించి, "దారం చుట్టియ్యండి అప్పా, లేకుంటే బళ్ళారి ఎండకు చీలుతాది" అని ఇచ్చాడు. నేను చేతులు చాపాను. "నూనె కారుతాంది, పావడకు అంటుతాది. నాకియ్యి పాపా" అని నాయన దాన్ని తన తువ్వాలులో చుట్టుకున్నాడు. అత్త ఇంట్లో రాగిముద్ద తిని నేను నిద్రపోయాను. సాయంత్రం లేచేసరికి పిల్లనగ్రోవికి ఎర్రదారం, పచ్చదారం పెనవేసి చుట్టి ఉంది. పట్టుదారం, పెళ్ళికూతురి జడకుచ్చులా ఎంత ముద్దుగా ఉందో! అత్త కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఉల్లిగడ్డలు తరుగుతాంటి" అంది. నాయన బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. "కత్తి తగిలింది" అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. అప్పుడే ఊదబోతే, "దారం ఆరాల, ఇంటికి పోయినాక ఊదుకుందువు" అన్నాడు నాయన. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊరిదాకా నవ్వబోయి ఆపుకుంటూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి ఊదాను. ఉస్సుమంది. పెదవి సరిచేసుకున్నాను, అంచుకి పెట్టాను, నవ్వబోయి ఆపుకున్నాను. ఉస్స్. పాలు పిండేటప్పుడు చెంబులో ధార పడ్డట్టు వట్టి చప్పుడు. మర్నాడూ అంతే. కాలువ గట్టు మీద, వాముల చాటున, దొడ్లో దూడ పక్కన, ఎక్కడ ఊదినా అదే ఉస్స్. జేజి చూస్తూనే ఉండేది, ఒక్క మాట అనేది కాదు. ఈల వేస్తే పాములను తలుచుకునే మనిషి, నేను పిల్లనగ్రోవి నోటికి పెట్టుకుంటే తాపీగా ఒత్తులు చేసుకుంటూ కూర్చునేది. అప్పుడు నాకు తట్టలేదు. ఊరంతా మాత్రం సాయిబును తిట్టింది. "చూపించింది ఒకటి, ఇచ్చింది ఒకటి. పసిపిల్లను మోసం చేసినాడు" అన్నారు. నేను నల్లమచ్చ చూపించి, ఇదే అది, మార్చలేదు అని వాదించేదాన్ని. నాయన అక్కడే ఉండి వినేవాడు. సాయిబు మంచోడు అని ఒక్క మాట ఆయన నోట రాలేదు. పిల్లనగ్రోవి అదే. అప్పుడు పలికింది, ఇప్పుడు పలకడం లేదు. మరి తేడా ఎక్కడ? నాలోనే అనుకున్నాను. జ్వరం నా ఊపిరి తినేసిందనీ, అంగట్లో పలికింది ఏదో చివరి ముక్క అనీ నాకు నేనే చెప్పుకున్నాను.

ప్రతి సాయంత్రం నాయన పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తుడుచుకోకుండానే నా దగ్గరికొచ్చి అడిగేవాడు: "ఈ పొద్దు పలికిందా పాపా?" "లేదు నాయనా" అనేదాన్ని. ఆయన కాసేపు నిలబడి లోపలికి పోయేవాడు. ఎన్నాళ్ళు అడిగాడో! ఆయన అడుగుతాడనే నేను మానలేదు. ఆయనకు లేదని చెప్పడం ఇష్టం లేక, పెదవులు వాచేదాకా ఊదేదాన్ని. ఒకరోజు జొన్నచేలో కళ్ళు తిరిగి పడిపోతే ఎత్తుకొచ్చింది కూడా ఆయనే. చివరికి ఒక సాయంత్రం నేనే చెప్పాను. "నాకు రాదు నాయనా. నాకు ఊపిరి లేదు." ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "పోనీలే పాపా, అందరికీ వస్తాదా ఏంది" అన్నాడు. నన్ను ఓదార్చాడనుకున్నాను.

అంతటితో పోయేదయితే ఈ కథ ఎందుకు? బళ్ళో ప్రార్థన పాడమంటే వెనక్కి తగ్గేదాన్ని. పెళ్ళయ్యాక అత్తగారింట్లో మంగళహారతి పాడమంటే, నాకు రాదన్నాను. పొగరనుకున్నారు. నా పిల్లలను నేను జోలపాట లేకుండానే నిద్రపుచ్చాను, ఒట్టి చేత్తో జోకొట్టి. ఎవరైనా పాడుతుంటే పక్కన కూర్చుని వినడం కూడా నాకు కష్టంగా ఉండేది, ఆకలితో ఉన్నవాణ్ణి బంతి బయట నిలబెట్టినట్టు. రాయడంలోకి వచ్చింది కూడా, దానికి ఊపిరి అక్కరలేదు కదా అనే. జేజి చనిపోయిన ఏడాది ఒకరోజు పుట్టింటికి వెళ్తే పిల్లనగ్రోవి గూట్లో కనపడలేదు. "అటక మీద పెట్టినాలే" అన్నాడు నాయన. నేనూ ఊరుకున్నాను.

రాముడు తిరిగి ఊరికి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే ఆ కట్టెను సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కి లచ్చుమత్త ఇంటికి పోయాను. అప్పటి అత్త వీధిలో పొద్దున ముగ్గులుండేవి. ఇప్పుడు మోరీలో జీన్స్ ప్యాంట్లు ఉతికిన నీలినీళ్ళు పారుతున్నాయి, రంగుమందుల వాసన. అత్తకు చూపు తగ్గింది, చెవులు బాగానే ఉన్నాయి. మంచం మీద కూర్చుని ఆకువక్క నములుతోంది. నేను పిల్లనగ్రోవిని ఆమె చేతిలో పెట్టాను. వేళ్ళతో తడిమింది. వేలు కోత దగ్గరికి పోయి ఆగింది.

"దారం పోయిందా సరోజా?" అంది.

"నీకు తెలుసా అత్తా?"

"నేనే కదే చుట్టింది. నా పెండ్లిచీర కుచ్చుల దారం."

 అత్త ఆకు ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకుని, తనకు తానే చెప్పుకుంటున్నట్టు చెప్పింది. "మీ చిన్నాయన పోయిన పొద్దు మాయమ్మ మీ నాయన చెయ్యి తీసుకోని తన తలకాయ మీద పెట్టుకునింది. నేను బతికుండేంత వరకు ఈ ఇంట్లో పిల్లంగోవి పలకగూడదు, ఒట్టెయ్యి అనె. అన్న ఏసినాడు. తల మీద ఒట్టేసి తప్పితే ఆ తల ఉంటాదా? తల్లి సచ్చిపోతాది కదా! మల్ల నీకు జొరమొచ్చినప్పుడు కర్పూరం ముందర ఇంకొక మాటిచ్చె. అది తప్పితే నువ్వు దక్కవు. ఇటు తల్లి, అటు బిడ్డ. పాము చావగూడదు, కట్టె ఇరగగూడదు. మా పెరట్లో కూచోని, ఉల్లిగడ్డలు తరిగే కత్తి తీసుకోని కోసినాడు. ఏడ్చుకుంటానే కోసినాడు. సగం కోసి ఆపినాడు. గట్టిగా చుట్టు లచ్చుమీ, దీని మీద గూడా పలికితే అది దేవుడు పలికిచ్చినట్ల, నా పాపం కాదు అనె."

"అందుకేనా రోజూ అడిగింది? పలికిందా అని?"

"ఏమో తల్లీ. పలకాలని అడిగినాడో, పలుకుతుందని బయపడి అడిగినాడో. నాకూ చెప్పలేదు."

అంటే తాపీగా ఒత్తులు చేసుకుంటూ చూసిన జేజికి తెలుసు, అత్తకు తెలుసు, నాయనకు తెలుసు. ఇంటిల్లిపాదికీ తెలిసి, రోజూ దొడ్లో కూర్చుని ఊపిరంతా పోసే పిల్లకు మాత్రం తెలియదు. ఒళ్ళు మండిపోయింది నాకు. "సరేనత్తా. ఒట్టు జేజి బతికుండేదాకే కదా? జేజి పోయినాక ఇంక ఎవురికి బయపడినాడు? ఆ దారం ఇప్పి, ఇంత మైనం పెట్టి నాకిచ్చింటే ఏం పోతాండె? నాయన ఎన్నేళ్ళు బతికినాడు ఆ తర్వాత! ఒక్క పొద్దు చెప్పలేకపోయినాడా?" అని అరిచాను. ముసలామె మీద అరవకూడదని తెలుసు. అత్త పిల్లనగ్రోవిని నా ఒళ్ళో పెట్టింది. "చెప్పుకునే మొగం యాడుండాది అన్నకి? మాట తప్పనోడని నువ్వే కదా ఊరంతా చెప్పుకుంటాంటివి. అది గూడా పోగొట్టుకోమంటావా?" అంది. సుమ్నె ఉండు ఇంక, ఊరుకో, పోయినోడు పోయినాడు అని నా చెయ్యి పట్టుకోబోయింది. నేను చెయ్యి ఇవ్వలేదు.

ఆటోలో తిరిగొస్తూ ఆలోచించాను. ఆ కాలం వాళ్ళు మాటకు ప్రాణమిచ్చేవాళ్ళని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఇప్పటి పిల్లలు ఫోన్లో వస్తామని రారు, ఇస్తామని ఇవ్వరు, సారీ అంటారు, అయిపోతుంది. ఇన్నాళ్ళూ నేనూ వాళ్ళను తిట్టినదాన్నే. కానీ ఆ పొద్దు మా నాయన తన తల్లి దగ్గరో, నా దగ్గరో, ఎవరో ఒకరి దగ్గర మాట తప్పి సారీ అనుంటే నా ఊపిరి నాకు మిగిలేది కదా! రెండు మాటలూ నిలబెట్టుకున్నాడు. పిల్లనగ్రోవి కొనిచ్చాడు, ఇంట్లో పలకనివ్వలేదు. నమ్మించి గొంతు కోయడం అంటారే, అది నాకు జరిగింది. చేసింది శత్రువయితే తిట్టి ఊరుకునేదాన్ని. నాకు జడ వేసిన చేతులు అవి.

ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను. మిట్టమధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేరు. కరెంటు పోయినప్పటికని దాచుకున్న కొవ్వొత్తి తీసి వెలిగించి, మైనం బొట్లు బొట్లుగా కోత మీద కార్చాను. బొటనవేలితో నున్నగా అదిమాను. వేడికి వేలు చురుక్కుమంది. ఇప్పుడు ఊదాలి. ఊదడానికి నాకు భయమేసింది. ఊదాను. ఉస్స్ అంది. నమ్ముతారో లేదో, నా ప్రాణం లేచొచ్చింది. పలకలేదు! అయితే నాయన తప్పేం లేదు, కోయకపోయినా నాకు రాకపోయేదే, నిజంగానే నాకు ఊపిరి లేదు అనుకున్నాను. ఇన్నేళ్ళు దేనికి ఏడ్చానో దాన్నే కావాలని దేవుణ్ణి వేడుకున్నాను ఆ ఒక్క నిమిషం. అక్కడితో కింద పెట్టేస్తే బాగుండేది. పెట్టలేదు. తేరు వీధి సాయిబు పెదవి గుర్తొచ్చింది. గాలి లోపలికి కాదు, అంచుకి. నవ్వబోయి ఆపుకునే మాదిరి.

పలికింది.

ఒకటే స్వరం, సన్నగా, వణుకుతూ, తేరు వీధిలో పలికినట్టే. వయసయిన ఊపిరి కాబట్టి ఎక్కువసేపు నిలవలేదు. మళ్ళీ ఊదాను, మళ్ళీ పలికింది. ఎదురింటి ఆమె కిటికీ తెరిచి, "ఏంది సరోజక్కా, ఎవురు ఊదుతాండేది?" అని కేకేసింది. నేను గోడ వైపు తిరిగాను. గోడ మీద నాయన పటం ఉంది, పొలం నుంచి అప్పుడే వచ్చినట్టు భుజాన తువ్వాలు. ఈ పొద్దు పలికిందా పాపా అని ఆయన అడిగిన ప్రతి సాయంత్రమూ నేను లేదు నాయనా అని తల వంచుకున్నాను. ఇప్పుడు తల ఎత్తే చెప్పాను, ఎదురింటికి వినబడినా సరే అని గట్టిగానే చెప్పాను.

"పలికింది నాయనా. ఆ పొద్దు గూడా పలికేదే."